ఋణవిముక్తియే మొదటి ముడుపు



కిషన్‌బాగ్ అను పేరులోనే భగవంతుడు కొలువై యున్నాడు. కిషన్ అనగా కృష్ణుడు. బాగ్ అనగా తోట. మొదటి మాట మన పురాణములది. రెండవ మాట పారసీకము నుండి వచ్చినది. భాగ్యనగరపు పాతబస్తీలో, మూసీనది దాపున, ఈ రెండు మాటలును కలిసి ఒక్క పేరైనవి. ఒకప్పుడు ఇచట తోట యుండెడిది. నేడు ఇరుకైన వీధులు, చిన్న చిన్న ఇండ్లు, తెల్లవారకముందే పనికి బయలుదేరు సంసారులు కలరు. తోట పోయినను తోటమాలి పోలేదు. కృష్ణస్వామి కోవెలలో దీపము వెలుగుచునే యున్నది.

ఆ పేటలో ఒకనాటి సాయంకాలము గృహస్థధర్మమును గూర్చి నాలుగు మాటలు చెప్పు భాగ్యము నాకు కలిగినది. ప్రసంగము ముగిసి, తీర్థప్రసాదములు పంచుచుండగా ఒక ఇల్లాలు అందరును వెళ్ళువరకు ఆగి, దగ్గరకు వచ్చి మెల్లగా అడిగినది: "అయ్యగారూ! బిడ్డకు జబ్బు చేసినప్పుడు తిరుపతికి వస్తామని మొక్కుకున్నాము. స్వామి దయవల్ల బిడ్డ లేచి తిరుగుతున్నది. మొక్కు తీర్చకపోతే కీడు అంటున్నారు. మా ఇంటాయన మరో ఇరువది వేలు అప్పు తెచ్చి, అందరినీ తీసుకొని పోదామంటున్నాడు. పాత అప్పు ఇంకా అట్లనే ఉన్నది. మొక్కు ఆలస్యమైతే పాపమా?"

"పాత అప్పు ఎంత తల్లీ?" అని అడిగితిని.

"యాభై వేలు. నూటికి మూడు రూపాయల వడ్డీ. మూడేళ్ళ నుండి నెలనెలా పదిహేను వందలు కడుతూనే ఉన్నాము. ఒక్క నెల కూడా తప్పలేదు."

ఆ తల్లి "ఒక్క నెల కూడా తప్పలేదు" అన్నప్పుడు ఆమె ముఖములో కనబడినది గర్వమో దుఃఖమో నేను చెప్పలేను. లెక్క చూడుడు. మూడేండ్లలో ఆ కుటుంబము చెల్లించినది 54,000 రూపాయలు. తెచ్చినదానికంటె ఎక్కువయే చెల్లించినారు. అయినను అసలు ఒక్క రూపాయియైనను తరుగలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వేదికపై ఎన్నో ధర్మములు చెప్పితిని గాని, ఆ ఇంటిని కాల్చుచున్న నిప్పును గూర్చి ఒక్క మాటయైనను చెప్పనైతినిగదా యని సిగ్గుపడితిని. ఆమెకు ఆనాడు క్లుప్తముగా ఇచ్చిన సమాధానమునే ఇచట విస్తరించి వ్రాయుచున్నాను.

ఋణము లేనివాడే సుఖి

మనుష్యుడు పుట్టుకతోనే మూడు ఋణములతో పుట్టునని వేదము చెప్పుచున్నది. దేవఋణమును యజ్ఞముచేతను, ఋషిఋణమును అధ్యయనముచేతను, పితృఋణమును సంతానముచేతను తీర్చుకొనవలెను. పుట్టుకతో వచ్చిన ఈ ఋణములనే తీర్చుకొనుమని శాసించిన ధర్మము, మన చేతులార వ్రాసి యిచ్చిన ప్రామిసరీ నోటును మరచిపొమ్మని చెప్పునా?

మహాభారతము అరణ్యపర్వములో యక్షుడు ధర్మరాజును పరీక్షించిన ఘట్టము మీ కందరకును తెలిసినదే. తమ్ములు నలుగురు విగతజీవులై పడియున్నారు. ఆ వేళ యక్షుడు లోకములో సుఖించువా డెవ్వడని అడిగెను. రాజ్యము గలవాడనియు, ఏనుగులు గలవాడనియు ధర్మరాజు చెప్పలేదు. పగలు గడచి ఎప్పటికో ఇంత కూర వండుకొని తినువాడైనను సరే, అప్పు లేక, పరదేశమున పడియుండక, తన ఇంట తా నున్నవాడే సుఖి యని చెప్పెను. రాజసూయము చేసిన చక్రవర్తి నోట వెలువడిన మాట యిది. కలిమిని చూచి, పోగొట్టుకొని, అడవిలో నిలిచి చెప్పిన మాట కనుక దానికి అంత బరువు.

మన తెలుగువారును ఈ సంగతిని చిన్న మాటలలో చెప్పుకొనిరి. అప్పు నిప్పు వంటిదన్నారు. అప్పుచేసి పప్పుకూడు తినవద్దన్నారు. అప్పుల వానిని వెంటాడి వేధించువానికి "నక్షత్రకుడు" అని పేరు పెట్టినారు. ఆ పేరు హరిశ్చంద్రోపాఖ్యానము నుండి వచ్చినది. విశ్వామిత్రునకు ఈయవలసిన ధనమునకై హరిశ్చంద్రుడు కాశీనగరములో భార్యాపుత్రులను అమ్మి, తుదకు తన్ను తానే అమ్ముకొనెను. ఈ కథను సత్యవ్రతమునకు దృష్టాంతముగా చెప్పుకొందుము. అది ఋణకథ కూడ. గడువులోపల ఈయగలనా లేదా యని చూచుకొనక "ఇచ్చెద" నన్న మాట, ఎంతటి పుణ్యపురుషుని ఇంటినైనను అంగడికి ఎక్కించగలదని ఆ కథ చెప్పుచున్నది.

భగవంతుడును చెల్లు వ్రాయించుకొనెను

కొందరు "అప్పు తప్పు కాదు, ఏడుకొండలవాడే అప్పు చేసినాడు" అని పరిహాసముగా అందురు. నిజమే. పద్మావతీ పరిణయమునకై శ్రీనివాసుడు కుబేరునివద్ద ధనము తీసికొనెనని వేంకటాచలమాహాత్మ్యము చెప్పుచున్నది. ఆ కథను చివరివరకు వినవలెను. స్వామి ఋణపత్రము వ్రాసి యిచ్చెను. బ్రహ్మయు, శివుడును, అశ్వత్థవృక్షమును సాక్షులుగా నిలిచిరి. తెచ్చిన ధన మెంతయో, ఎప్పటిలోగా తీర్చవలెనో పత్రములో నున్నది. వైకుంఠనాథుడు "నన్నే అడిగెదవా" యని కుబేరుని గద్దింపలేదు. నేటికిని వడ్డి చెల్లించుచున్నాడని భక్తులు నమ్మి "వడ్డికాసులవా"డని ముద్దుగా పిలుచుచున్నారు. అప్పు చేయుటలో స్వామిని అనుసరింతు మనువారు, పత్రము వ్రాయుటలోను, మాట తప్పక వడ్డి చెల్లించుటలోను గూడ ఆయననే అనుసరింతురుగాక!

ఇంకొక కథ మన కిషన్‌బాగునకు ఎంతో దూరమున లేని గోలకొండలోనే జరిగినది. కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణా తహశీలుదారు. ప్రభుత్వమునకు చేరవలసిన పన్నుల సొమ్ముతో భద్రాచలమున రామాలయము కట్టించెను. కడపటి కుతుబ్‌షాహీ సుల్తాను అబుల్‌హసన్ తానీషా ఆయనను గోలకొండలో చెరపెట్టెను. పండ్రెండేండ్లు చెరలో నుండెనని సంప్రదాయము. తుదకు రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ అను పేర్లతో తానీషావద్దకు వచ్చి, ఆరు లక్షల వరహాలు చెల్లించి, రసీదు తీసికొని గోపన్నను విడిపించిరని భక్తుల విశ్వాసము.

ఈ కథలో నన్ను ఎల్లప్పుడును కదలించునది ఆ రసీదు. శ్రీరామచంద్రుడు తలచినచో తానీషా మనస్సు మార్చి బాకీ మాఫీ చేయింపలేడా? చెరసాల తలుపులు తెరువలేడా? అట్లు చేయలేదు. ఆ సొమ్ము తన గుడికే ఖర్చైనది, తన ఆభరణములకే ఖర్చైనది. అయినను రాజ్యమునకు చెందిన సొమ్ము రాజ్యమునకు చేరవలసినదేయని పూర్తి పైకమును చెల్లించెను. చెల్లించి ఊరకుండక రసీదు పుచ్చుకొనెను. పరులకు చెందవలసిన ధనముతో చేసిన దేవకార్యమునకు కూడ లెక్క యుండునని స్వామియే చూపినాడు. భక్తుడు చేసిన ఖర్చును భగవంతుడు తీర్చినాడని మనము సంతోషింతుము. ఆ బాకీ ఉన్నంతకాలము భక్తుడు చెరలోనే యుండెనని మరువరాదు.

వడ్డికి హద్దు

మన శాస్త్రములు వడ్డిని బొత్తిగా కాదనలేదు; హద్దు పెట్టినవి. నెలకు అసలులో ఎనుబదవ వంతు తీసికొనవచ్చునని మనుస్మృతి చెప్పినది. మన వాడుకలో చెప్పవలెనన్న నూటికి రూపాయి పావలా. అంతేకాదు, ఒక్కసారిగా రాబట్టునపుడు వడ్డి అసలును మించరాదనియు చెప్పినది. దీనినే వ్యవహారములో "దామ్‌దుపట్" అందురు. మన పొరుగున నివసించు ముస్లిముల ధర్మమైతే వడ్డి తీసికొనుటనే నిషేధించినది. ఒకే వీధిలో రెండు ధర్మములు రెండు విధములుగా చెప్పినను, ఆపదలోనున్న వాని నెత్తురు త్రాగి బ్రతుకరాదను విషయములో రెండును ఒక్కటే.

ఆ ఇల్లాలి అప్పును ఈ త్రాసులో తూచుదము. యాభై వేలకు మనువు చెప్పిన వడ్డి నెలకు 625 రూపాయలు. ఆమె కట్టుచున్నది 1,500. నూటికి మూడు రూపాయల చొప్పున 33 నెలల 10 దినములకే వడ్డి అసలుతో సమానమగును. ఆమె ఆ హద్దును దాటి మూడవ నెలలో నున్నది.

రాజ్యములు కూడ ఈ విషయమున చట్టములు చేసినవి. నైజాము కాలములోనే 1349 ఫసలీ సంవత్సరపు వడ్డీవ్యాపారుల చట్టము వచ్చినది. తండ్రి తెచ్చిన అప్పునకు కొడుకును, మనుమడును వెట్టిచాకిరి చేయు దురాచారమును 1976వ సంవత్సరపు చట్టము నిషేధించినది. వారవారము ఇంటిముందు నిలిచి వసూలు చేయు చిన్న అప్పుల సంస్థల ఆగడములు మితిమీరగా 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చినది. 2020వ సంవత్సరాంతమున మన హైదరాబాదులోనే, సెల్‌ఫోను యాపుల ద్వారా అప్పులిచ్చి, తీసికొన్నవారి బంధుమిత్రులకు ఫోనులు చేసి పరువు తీసినవారిని పోలీసులు పట్టుకొనిరి. అటుపిమ్మట 2022లో రిజర్వు బ్యాంకు నియమములు చేసి, అట్టి యాపులు మన ఫోనులోని పేర్ల పట్టికను చూడరాదని ఆదేశించినది. పూర్వపు నక్షత్రకుడు వెంట నడచివచ్చెడివాడు; నేటి నక్షత్రకుడు జేబులోనే కూర్చుండును. చట్టము మనకు కవచము. కాని కవచమున్నదని నిప్పులో దూకరాదు.

ఇచ్చినవాని ధర్మ మెంతయో, తెచ్చినవాని ధర్మమును అంతే. మూడేండ్లు గడచి నోటునకు కాలదోషము పట్టినది గనుక ఈయనక్కరలేదని కొందరు సంతోషింతురు. న్యాయస్థానములో ఆ మాట చెల్లవచ్చును. ఆపదలో ఆదుకొన్న చేతికి న్యాయమైన అసలును ఎగవేసి కోవెలలో నిలిచినచో, అర్చకుడిచ్చు తీర్థము చేతిలో పడునేకాని మనస్సునకు శాంతినీయదు.

ఇంటి లెక్క

వామనావతార ఘట్టములో బలిచక్రవర్తికి శుక్రాచార్యుడు చెప్పిన హితవును భాగవతము చెప్పుచున్నది. ధనమును ఐదు భాగములు చేయవలెనట: ధర్మమునకు, కీర్తికి, మరల ధనమును పెంచుటకు, తన సుఖమునకు, తనవారికి. శుక్రుడు ఆవేళ హరికి అడ్డుపడినాడు గనుక ఆయన మాటలన్నియు త్రోసివేయుదుము. కాని సంసారికి ఈ మాట పనికివచ్చును. వచ్చిన సొమ్మంతయు ఒకే గోతిలో పోయరాదను నీతి ఇందులో నున్నది. అప్పున్న ఇంటిలో ఆ కీర్తి భాగమును, సుఖ భాగమును కొంతకాలము ఋణమున కిచ్చివేయవలెను. పెండ్లిలో నలుగురు మెచ్చవలెనని, పండుగకు ఎదురింటివారికంటె తక్కువ కారాదని చేయు ఖర్చు అంతయు కీర్తి భాగములోనిదే. మంచమున్నంతవరకే కాళ్ళు చాపవలెను.

లెక్క ఎవరు వ్రాయవలెను? ఇద్దరును. అరణ్యపర్వములో సత్యభామతో మాటలాడుచు ద్రౌపది, పాండవుల ఆదాయవ్యయములన్నియు తా నొక్కతెయే ఎరిగియుండెడిదానినని చెప్పినది. అంతటి కోశమును ఆమె కనిపెట్టి యుండగా, ఆమెను అడుగకయే ధర్మరాజు పాచికలు వేసెను. ఏమైనదో మీకు తెలియును. ఇంటి లెక్క తెలిసిన ఇల్లాలిని అడుగక వ్రాసిన ప్రతి నోటును ఆ జూదములో వేసిన ఒక పందెమే. తెలంగాణ ప్రభుత్వము 2017లో ఫోనులలోని రమ్మీ పందెములను నిషేధించుటకు కారణము ఆ పాచికలు మరల ఇండ్లలో దొర్లుటయే.

పొదుపు మాట వచ్చినపుడు మూసీని తలచుకొనుడు. 1908 సెప్టెంబరులో ఈ నది పొంగి నగరమును ముంచెత్తినది. వేలమంది ప్రాణములు కోల్పోయిరి. పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై ఎగువన జలాశయములు కట్టిరి. 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తియైనవి. ముంచిన నీటినే నిలువచేసి త్రాగునీరుగా చేసికొనిరి. వరద వచ్చిననాడు ఆనకట్ట కట్టజాలము. జబ్బు, చదువు, పెండ్లి అనునవి సంసారమునకు వచ్చు వరదలు. నీరు పలుచగా పారుచున్న దినములలోనే నెలకు రెండు వందలైనను ఎగువన నిలుపుకొనినచో, వరదనాడు మూడు రూపాయల వడ్డివాని గుమ్మము తొక్కనక్కరలేదు.

ఇక అప్పు తీర్చు విధము. మొదట అప్పు లన్నిటిని ఒక కాగితముపై వ్రాయవలెను. ఎవరికి, ఎంత, ఏ వడ్డికి అను మూడు సంగతులును దాచక వ్రాయవలెను. ఎక్కువ వడ్డి గల అప్పును ముందు తీర్చవలెను. వడ్డి మాత్రమే కట్టుట కుండకు చిల్లి యుండగా నీరు పోయుట. యాభై వేలకు మూడు రూపాయల వడ్డిపై, నెలకు 1,500 కట్టినచో జన్మాంతరమునకును తీరదు. వడ్డి పోను మిగిలినది అసలుకు జమకట్టు పద్ధతిలో 2,000 కట్టినచో 47 నెలలకు తీరును. 3,000 కట్టినచో 24వ నెలలోనే తీరును. అసలు తగ్గినకొలది వడ్డియు తగ్గుటయే ఇందలి మర్మము. కట్టిన ప్రతి పైకమునకు నోటు వెనుక చెల్లు వేయించుకొనవలెను. రామోజీయే రసీదు తీసికొన్నపుడు మనకు మొగమాట మెందుకు?

ముడుపు

ఇప్పుడు ఆ తల్లి అడిగిన ప్రశ్నకు వచ్చెదను. మొక్కు ఆలస్యమైన పాపమా?

గీతలో స్వామి ఏమి కోరినాడు? ఆకు, పూవు, పండు, నీరు. భక్తితో నిచ్చినచో ఇవి చాలునన్నాడు. కుచేలుడు ద్వారకకు పోవునపుడు వడ్డికి తెచ్చిన పట్టుబట్టలు కట్టుకొనలేదు. చినిగిన కొంగున అటుకులు ముడిచికొని పోయెను. కృష్ణుడు ఆ ముడిని తానే విప్పి తిన్నాడు. కిషన్‌బాగులో వెలసిన స్వామి ఆ కృష్ణుడే. ఆయన మన చేతిలో ఏమున్నదో చూచునేకాని, ఎవరి చేతినుండి తెచ్చితిమోయని చూచి మురియువాడు కాడు.

మొక్కు తీర్చలేనివానికి పెద్దలు ఒక దారి చూపినారు. అదియే ముడుపు. పసుపుబట్టలో ఒక రూపాయి కట్టి దేవుని గూటిలో నుంచి, "స్వామీ! మాట మరువలేదు, శక్తి రాగానే వత్తుము" అని మ్రొక్కుకొనుట. అది ఒకవిధముగా భగవంతునకు వ్రాసి యిచ్చిన పత్రము. ఆయన కుబేరునికి వ్రాసియిచ్చినవాడు గనుక అప్పుల వాని బాధ ఎరిగినవాడు. ఆయన వడ్డి అడుగడు, మనుష్యుడు అడుగును. కనుక ముందు తీర్చవలసినది మనుష్యుని అప్పు.

ఈ మాట దేవస్థానపు పత్రికలో వ్రాయుట తగునాయని కొంద రనుకొనవచ్చును. హుండీలో పడు ప్రతి కానుకయు పవిత్రమే. కాని అప్పు తెచ్చి హుండీలో వేసిన నోటు వెనుక ఒక ఇంటిలోని బిడ్డ పాలు, ఒక ఇల్లాలి మందులు ఉన్నచో, ఆ కానుకను స్వామి ఏ కన్నులతో చూచును?

ఆ దంపతులు ముడుపు కట్టిరి. కొత్త అప్పు తేలేదు. ప్రయాణమునకని దాచిన కొద్ది సొమ్మును, ఆమె రాత్రులు జాకెట్లు కుట్టి సంపాదించినదానిని, ఆయన మానుకొన్న చిల్లర ఖర్చులను కలిపి నెలకు మూడు వేలు కట్టసాగిరి. మొదటి నెలలు మిక్కిలి కష్టముగా నుండెనని తరువాత చెప్పిరి. బంధువుల ఇంటి పెండ్లికి కానుక తీసికొనిపోలేక నలుగురిలో మాటపడిరి. ఒక నెల కట్టలేక, అప్పిచ్చినవాని ఇంటికి ఇద్దరును కలిసి పోయి, నిజము చెప్పి గడువు అడిగిరి. దాగుకొనలేదు. ఆయనయు ఇచ్చెను. దాగుకొన్నవానికంటె ఎదుట నిలిచినవానిపై నమ్మక మెక్కువ.

రెండేండ్లు దాటిన పిమ్మట ఆ తల్లి మరల కోవెలలో కనబడినది. చేతిలో పూలు లేవు, కొబ్బరికాయ లేదు. చెల్లు వ్రాసి, అడ్డముగా చింపిన ప్రామిసరీ నోటు ఉన్నది. దానిని కృష్ణస్వామి గడపపై నుంచి కన్నులు మూసికొన్నది. అర్చకుడు అదేమని అడుగలేదు. దానిపై రెండు తులసీదళము లుంచినాడు.

తిరుపతికి ఎప్పుడు పోవుదురని అడిగితిని. "పోయిన వారమే ముడుపు విప్పినాము అయ్యగారూ! సాధారణ రైలులో పోయి, మెట్లమీదుగా నడిచి ఎక్కుదామనుకుంటున్నాము. బిడ్డ నడుస్తానంటున్నది" అన్నది.

భక్తులారా! నేటి రాత్రి దీపారాధన చేసిన పిమ్మట, ఆ దీపపు వెలుగులోనే దంపతు లిద్దరును కూర్చుండి ఒక కాగితము తీసికొనుడు. వచ్చునది ఒకవైపు, పోవునది ఒకవైపు, ఈయవలసినది క్రిందను వ్రాయుడు. పైన "శ్రీరామ" యని వ్రాసి ఆరంభింపుడు. మన పెద్దలు ప్రతి లెక్కపుస్తకమును అట్లే ఆరంభించెడివారు. ఆ పేరు పెట్టిన లెక్కలో అబద్ధము వ్రాయుటకు చేయి రాదు.

స్వస్తి.